మోకాళ్ళకు వినిపించే బేసు

రాక్ సంగీతం చరిత్ర రాసేవాళ్ళు గిటార్ల మీద పేజీలకు పేజీలు ఖర్చుపెడతారు. ఏ కంపెనీ ఏ సంవత్సరం ఏ చెక్కతో చేసింది, ఎవరు దాన్ని స్టేజీ మీద నేలకేసి కొట్టారు, ఏది వేలంలో ఎంతకు పోయింది, అన్నీ ఉంటాయి. ఆ గిటార్ వెనకాల జాలీగుడ్డ కప్పుకుని నిలబడ్డ పెట్టెకు దక్కేది మహా అయితే ఒక ఫుట్‌నోటు. బేస్ గిటార్ విషయంలో ఇది మరీ అన్యాయం. వీణకు తన కుండ తనకే ఉంది. ఘటానికి వేరే ఒళ్ళే లేదు, అంతా కుండే. బేస్ గిటార్‌కు మాత్రం కుండని విడదీసి, మధ్యలో ఒక వైరు కట్టి, నాలుగడుగుల అవతల పెట్టారు. ఆ పెట్టె లేకపోతే ఆ వాయిద్యం దాదాపు మూగది.

ఈ పెట్టెల చరిత్రని కొన్నేళ్ళుగా దొరికిన చోటల్లా చదువుతూ వస్తున్నాను. చదివే కొద్దీ ఒకటే ప్రశ్న వెంటపడుతోంది. దీన్ని ఎవరి చెవి కోసం చేశారు? ఎక్కువసార్లు దొరికే జవాబు ఏమిటంటే, చివరి వరుసలో కూర్చున్నవాడి చెవి కోసం. వాయించేవాడి చెవి లెక్కలోకి వచ్చింది చాలా ఆలస్యంగా, అది కూడా చాలాసార్లు పొరపాటున.

నిజానికి ఈ ప్రశ్న నాకు చదువులో దొరకలేదు. మాది బసంత్‌నగర్. రాజీవ్ రహదారి మీద పెద్దపల్లి దాటి రామగుండం వైపు పోతుంటే వచ్చే సిమెంటు ఊరు. 1969లో కేశోరాం ఫ్యాక్టరీ మొదలయ్యాక పెరిగిన ఊరు. పక్కనే విమానాలు దిగని ఒక రన్‌వే కూడా ఉంది, దాని కథ ఇంకోసారి. కాస్త ముందుకు పోతే ఎన్టీపీసీ పొగగొట్టాలు, గోదావరిఖని, బొగ్గు బాయిలు. మూడు షిఫ్టుల ఊళ్ళివి. పండుగ కూడా షిఫ్టు చూసుకునే చేసుకోవాలి. వినాయక చవితి, దసరా, డిసెంబర్ 23న సింగరేణి డే (1920లో కంపెనీ ఏర్పడిన తేదీ). వీటికి స్టేజీ ఉంటుంది, స్టేజీ ఉంటే ఆర్కెస్ట్రా ఉంటుంది.

అలాంటి ఒక ఆర్కెస్ట్రాలో బేస్ వాయించే అన్న దగ్గర ఇంజినీరింగ్ సెలవుల్లో నేను నాలుగు తీగల మీద వేళ్ళు పెట్టడం నేర్చుకున్నా. పేరు రాయను, ఆయనకు ఇష్టముండదు. ఒకసారి చవితి ప్రోగ్రాంలో రెండు పాటలకు నన్ను నిలబెట్టాడు. ఇనుప డ్రమ్ముల మీద చెక్కలు పరిచిన స్టేజీ. నా వెనకాల నడుం ఎత్తు కూడా లేని నల్లపెట్టె. కాళ్ళ కింద చెక్క అదురుతోంది, ప్యాంటు గుడ్డ ఊగుతోంది, ఏ స్వరం పలుకుతోందో మాత్రం తెలియడం లేదు. అన్నని అడిగితే నవ్వాడు. “మోకాళ్ళకు ఇనవడ్తది తమ్మీ, చెవులకు ఇనవడది. నువ్వు వేళ్ళు సూసుకుంట కొట్టు.”

ఆయన అన్నది జోకు కాదు, జ్యామితి. లెక్క చిన్నదే. పెట్టె మధ్యభాగం నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. నిలబడ్డ మనిషి చెవి 155 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. పెట్టెకు మీటరు దూరంలో ఉంటే, స్పీకర్ చూసే దిక్కుకీ చెవికీ మధ్య కోణం 50 డిగ్రీలు దాటుతుంది. నాలుగు మీటర్లు ముందుకు జరిగితే అదే కోణం 17 డిగ్రీలకు పడిపోతుంది. స్టేజీ కింద మొదటి వరుసలో కుర్చీలో కూర్చున్న పిల్లాడి చెవి దాదాపు స్పీకర్‌కు ఎదురుగానే ఉంటుంది. వాయించేది నేను, వినేది వాడు.

కోణంతో ఏం పని, బేస్ అన్ని వైపులకూ పోతుంది కదా అని అడగొచ్చు. పోతుంది, కింది సగం. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. గాలిలో ఆ అల పొడవు 8 మీటర్ల పైమాటే. అంత పొడుగు అలకు రెండడుగుల పెట్టె అసలు ఒక అడ్డమే కాదు, దాని చుట్టూ తిరిగి అన్ని దిక్కులకూ పాకుతుంది. కానీ స్వరాన్ని మనం గుర్తుపట్టేది ఆ ఒక్క 41 వల్ల కాదు. దాని మీద 82, 123, 165 అంటూ మెట్లుమెట్లుగా హార్మోనిక్స్ ఉంటాయి. వేలు తీగను లాగి వదిలినప్పటి ఆ చిన్న టక్కు వెయ్యి, రెండు వేల హెర్ట్జ్‌ల దాకా పోతుంది. ఫోన్ స్పీకర్‌లో 41 హెర్ట్జ్ పలకనే పలకదు, అయినా పాటలో బేస్ ఎటు నడుస్తోందో తెలుస్తుంది కదా. పై మెట్లు విని కింది మెట్టుని మెదడే కట్టుకుంటుంది.

ఆ పై మెట్లకు దిక్కు ఉంటుంది. స్పీకర్ కాగితపు శంకువు ఎంత పెద్దదైతే అంత తొందరగా దాని ధ్వని టార్చిలైటు వెలుగులా ముందుకు ఇరుకైపోతుంది. 15 అంగుళాల స్పీకర్‌కు ఇది వెయ్యి హెర్ట్జ్ దగ్గరే బాగా తెలుస్తుంది, 10 అంగుళాలదానికి 1,600 దగ్గర. రెండు 10 అంగుళాల స్పీకర్లను పక్కపక్కన పెడితే ఇంకో తంటా. సుమారు 1,200 హెర్ట్జ్ దగ్గర, ఎదురు నుంచి 30 డిగ్రీలు పక్కకు జరిగితే చాలు, ఒకదాని అల ఇంకోదాని అలను తినేస్తుంది. కాబట్టి పెట్టె ముందు నిలబడ్డవాడి మోకాళ్ళకు స్వరం మొత్తం అందుతుంది, చెవికి దాని అదురు మాత్రం అందుతుంది.

బేస్ అల “తయారు కావడానికి” ముప్పై అడుగులు కావాలని వాయించేవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. ఎంత గట్టిదంటే, కాదంటే కొట్లాటకు వస్తారు. అదే నిజమైతే హెడ్‌ఫోన్‌లో బేస్ వినబడకూడదు. దూరం పోతే మెరుగయ్యేది అల కాదు, కోణం. వెనకున్న గోడ కూడా కొంత కారణం. పెట్టె ముందుభాగం గోడకు సుమారు మీటరు దూరంలో ఉంటే, గోడకు కొట్టుకుని తిరిగొచ్చిన అల 85 హెర్ట్జ్ దగ్గర అసలు అలకు ఎదురు తిరుగుతుంది. అడుగు తీగ రెండో హార్మోనిక్ ఉండేది సరిగ్గా అక్కడే.

ఈ చిక్కు కరెంటుతో వచ్చింది. అంతకుముందు మన స్టేజీ మీద మంద్రం ఎట్లా ఉండేదో ఒకసారి చూడాలి. బుర్రకథ తీసుకోండి. కథకుడి భుజం మీద తంబురా, అంటే చెవికి జానెడు దూరంలో శ్రుతి. చేతికి అందెలు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, వాళ్ళ దగ్గర గుమ్మెట్లు. చోటుని బట్టి డక్కీ అంటారు, బుడిక అంటారు. ముగ్గురూ చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. ఎవరి చప్పుడు వాళ్ళకీ, పక్కవాడికీ ముందు వినబడి, ఆ తర్వాతే జనానికి పోతుంది. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి ఈ కళను రాజకీయంగా కొత్తదారి పట్టించింది. గుంటూరు దగ్గర పొన్నెకల్లులో పుట్టి 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ దాన్ని జనసముద్రాల ముందు నిలబెట్టాడు. ఆయన గొంతు గురించి, ఆయన గంతుల గురించి చాలామంది రాశారు. ఆ ముగ్గురూ నిలబడే చోటే ఒక సౌండ్ ఇంజినీరింగ్ అని ఎవరన్నా రాశారేమో నాకు కనబడలేదు.

గుమ్మెటలో ఇంకో విశేషముంది. ఒక మూతికి తోలు, రెండో మూతి తెరిచే ఉంటుంది. ఆ తెరిచిన మూతిని అరచేత్తో మూస్తూ తెరుస్తూ వాయిస్తుంటే మంద్రం బొయ్‌మని సాగుతుంది. కుండ లోపలి గాలి, మూతి దగ్గరి గాలి కలిసి ఒక స్ప్రింగూ బరువూ లాగా ఊగుతాయి. 19వ శతాబ్దంలో జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ లెక్కగట్టిన సూత్రం ఇదే. 1961లో ఆస్ట్రేలియా ఇంజినీర్ నెవిల్ థీల్, స్పీకర్ పెట్టెకు కన్నం పెడితే మంద్రం ఎంత వస్తుందో సమీకరణాలతో చూపించింది కూడా ఈ సూత్రం మీదే. 1970ల్లో రిచర్డ్ స్మాల్ దాన్ని ఇంకా సాఫీ చేశాడు. ఇవాళ ఏ పెట్టె కొన్నా దాని కాగితాల మీద వాళ్ళిద్దరి పేర్లతో అంకెలుంటాయి. తేడా ఒక్కటే. గుమ్మెట కన్నం వాయించేవాడి అరచేతి కింద ఉంది. పెట్టె కన్నం వాయించేవాడికి చేతికందదు, చెవికందదు.

తర్వాత మైకులొచ్చాయి. చెట్టుకో గుంజకో కట్టిన ఇనుప గొట్టం తెలియని తెలుగు ఊరు లేదు. అది రెండు మూడు వందల హెర్ట్జ్‌ల కింద దాదాపు ఏమీ పలకదు. మాట మైలు దూరం పోతుంది, గుమ్మెట మాత్రం జనం దాకా సగమే చేరుతుంది. కానీ కళాకారులకు దానివల్ల ఇబ్బంది కాలేదు. గొట్టం జనం వైపు చూస్తుంటుంది, దాని వెనకాల వాళ్ళు ఎప్పట్లాగే ఒకళ్ళనొకళ్ళు వింటూ ఆడతారు. ఆ గొట్టాన్ని ఎప్పుడైనా విప్పి చూశారా? పొడుగ్గా ఉండాల్సిన బాకాని మడతలు పెట్టి లోపలికి దోపి పొట్టిగా చేసిన వస్తువది. ఈ మడత బాకాని గుర్తు పెట్టుకోండి, అది అమెరికాలో మళ్ళీ వస్తుంది.

అమెరికాలో కథ నిలువెత్తు డబుల్ బేస్‌తో మొదలవుతుంది. దాన్ని కౌగిలించుకుని వాయిస్తారు. మెడ భుజం మీదుగా పోతుంది, పొట్ట పొట్టకు ఆనుతుంది, వినబడదనే సమస్యే లేదు. సమస్య జనానిది. ఊదే వాయిద్యాలు, డ్రమ్ముల మధ్యలో అది జనానికి వినబడేది కాదు. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. మరుసటి ఏడాది దానికోసం బాస్‌మన్ అనే పెట్టె, 15 అంగుళాల స్పీకర్ ఒకటి. 1950ల మధ్యలో దాన్ని నాలుగు 10 అంగుళాల స్పీకర్లతో, వెనక తెరిచిన పెట్టెగా మార్చాడు. ఫలితం తమాషాగా ఉంది. వెనక తెరిస్తే ముందరి అల వెనకటి అలతో కలిసి మంద్రం రద్దైపోతుంది. బేస్ కోసం చేసిన ఆ పెట్టెను మామూలు గిటార్ వాళ్ళు ఎగరేసుకుపోయారు. 1960ల మొదట్లో లండన్‌లో జిమ్ మార్షల్ మనుషులు తమ మొదటి ఆంప్లిఫయర్‌ని దాన్ని చూసే చేశారు. రాక్ గిటార్ శబ్దం అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం ఒక విఫలమైన బేస్ పెట్టె వారసత్వం.

బేస్ వాళ్ళకు 1960లో ఆంపెగ్ కంపెనీ బి-15 ఇచ్చింది. మూసిన ఒళ్ళు, లెక్కగా పెట్టిన కన్నం, 15 అంగుళాల స్పీకర్ ఒక్కటి. డెట్రాయిట్‌లో మోటౌన్ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్ క్లబ్బుల్లో వాడింది దీన్నే. చిన్న క్లబ్బుకీ స్టూడియోకీ అది చాలు. అందరూ దగ్గరగా ఉంటారు, చప్పుడు తక్కువ, మనిషి స్టూలు మీద కూర్చుంటే చెవి కూడా కిందికి దిగుతుంది. అందుకేనేమో దాని గురించి ఎవరూ ఫిర్యాదు చేసినట్టు కనబడదు.

అసలు ఫిర్యాదు మైదానాలతో మొదలైంది. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ ముందు 55,000 పైచిలుకు జనం. వెనకాల వంద వాట్ల వాక్స్ ఆంప్లిఫయర్లు. గాయకుల గొంతు బేస్‌బాల్ ప్రకటనలు చేసే స్పీకర్లలోంచి. వాళ్ళు వాయించేది వాళ్ళకే వినబడలేదు. ముందున్నవాళ్ళ కదలికలు చూసి పాట ఎక్కడుందో ఊహించుకునేవాణ్ణని రింగో స్టార్ తర్వాతి రోజుల్లో చెప్పుకున్నాడు. మా అన్న చెప్పిన “వేళ్ళు సూసుకుంట కొట్టు” కూడా అదే కదా. ప్రపంచంలో అందరికంటే పెద్ద బ్యాండూ, చవితి పందిరి ఆర్కెస్ట్రా ఒకే చోట ఇరుక్కున్నాయి.

మైదానానికి ఇంజినీర్లు ఇచ్చిన మొదటి జవాబు దూరం. 1960ల చివర్లో లాస్ ఏంజెలెస్‌లో అకూస్టిక్ కంట్రోల్ అనే కంపెనీ 360 అనే సెట్ తెచ్చింది. 200 వాట్లు, 18 అంగుళాల స్పీకర్. స్పీకర్ జనం వైపు చూడదు, పెట్టె లోపలికి చూస్తుంది. ధ్వని చెక్క గోడల మధ్య మడతలు తిరిగి బయటికి వస్తుంది. గుంజకు కట్టిన మన ఇనుప గొట్టమే, మంద్రం కోసం పెద్దగా పెంచి చెక్కతో చేశారన్నమాట. పాల్ క్లిప్ష్ ఇంట్లో వినే స్పీకర్లకు 1940ల్లోనే ఈ పని చేశాడు. బాకా వల్ల ఉన్న వాట్లతోనే ఎక్కువ చప్పుడు పుడుతుంది. వాట్లు ఖరీదైన ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. లెడ్ జెప్లిన్ జాన్ పాల్ జోన్స్ దీన్ని వాడాడు, జాకో పాస్టోరియస్ తన ఫ్రెట్‌లెస్ బేస్‌కు దీన్నే నమ్ముకున్నాడు.

కానీ దాని ముందు నిలబడ్డవాళ్ళు చెప్పే మాట ఒకటే: దూరాన ఉరుము, దగ్గర గొణుగుడు. కారణం డిజైన్‌లోనే ఉంది. పొడుగు అలలు మడతల వెంట హాయిగా తిరిగొస్తాయి. పొట్టి అలలు, అంటే స్వరాన్ని గుర్తుపట్టించే ఆ పై మెట్లు, మూలమూలనా కొట్టుకుని లోపలే చస్తాయి. కొంచెం బతికొచ్చినవి ముందుకు పోతాయి, పైకి రావు. వాయించేవాడు తనకు వినబడటం లేదని వాల్యూమ్ పెంచుతాడు. యాభై అడుగుల దూరంలో ఉన్నవాడి రొమ్ము అదిరిపోతుంది. జాకో లాంటివాడికి అది కుదిరిందంటే, నా ఉద్దేశంలో, ఆయన వాయించిన తీరు వల్ల. వేలిని బ్రిడ్జి దగ్గరికి జరిపి పై మెట్లనే గట్టిగా మోగించే పద్ధతి ఆయనది. పెట్టె ఏం మింగేస్తుందో దాన్ని ఎక్కువ పెట్టి పంపాడు.

రెండో జవాబు ఎత్తు. 1969లో ఆంపెగ్ ఎస్‌వీటీ వచ్చింది. 300 వాట్లు, దానికింద ఎనిమిది 10 అంగుళాల స్పీకర్లున్న మూసిన పెట్టెలు. రోలింగ్ స్టోన్స్ ఆ ఏడాది అమెరికా టూరుకు తీసుకెళ్ళారు. పెట్టె నాలుగడుగుల ఎత్తు, బరువు చూసి అందరూ ఫ్రిజ్ అని పిలిచేవాళ్ళు. పై వరుస స్పీకర్లు నేల నుంచి మీటరు పైన ఉంటాయి. ఇప్పుడు నా లెక్క మళ్ళీ వేయండి. మీటరు దూరంలో నిలబడ్డవాడి చెవికి కోణం 50 నుంచి 27 డిగ్రీలకు దిగింది. బేస్ వాళ్ళు ఆ ఫ్రిజ్‌ని యాభై ఏళ్ళుగా ప్రేమిస్తుండటానికి వాల్వుల వెచ్చదనం, పాతకాలపు స్వరం అంటూ ఏవేవో చెబుతారు. నా అనుమానం వేరే. స్టేజీ మీద తమ వేళ్ళు తమకు వినబడ్డ మొదటి పెద్ద పెట్టె అదే. ఆ ఎత్తు వాళ్ళ చెవి కోసం పెట్టిందని మాత్రం నేననుకోను. ఎనిమిది స్పీకర్లు పట్టాలంటే పెట్టె పైకి పెరగాల్సి వచ్చింది, అంతే.

దీన్ని తెలిసి చేసినవాళ్ళు గ్రేట్‌ఫుల్ డెడ్. 1974 మార్చి 23న శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన కౌ ప్యాలెస్‌లో వాళ్ళు “వాల్ ఆఫ్ సౌండ్” నిలబెట్టారు. జనానికి వేరే, వాయించేవాళ్ళకు వేరే అని కాకుండా, మొత్తం స్పీకర్లని బ్యాండ్ వెనకాల గోడలా పేర్చారు. జనం వినేదే వాళ్ళూ వింటారు. ఫిల్ లెష్ బేస్‌కు మూడంతస్తుల ఎత్తు నిలువు వరుసలు, ఒక్కో తీగను ఒక్కో దిక్కు నుంచి పలికించే ఏర్పాటు. స్పీకర్లను నిలువుగా పేరిస్తే పక్కలకు పరుచుకుంటుంది, పైకీ కిందికీ వృథా కాదు. మైకుల్లోకి వెనకటి గోడ చప్పుడు దూరకుండా ప్రతి గాయకుడికీ రెండేసి మైకులు ఎదురెదురు ధ్రువాల్లో కట్టారు. దాన్ని మోయడానికి, కట్టడానికి అయిన ఖర్చుకు అదే ఏడాది అక్టోబర్‌లో ఆపేశారు. చరిత్రలో వాయించేవాడి చెవిని, వినేవాడి చెవిని ఒకే వైపు నిలబెట్టిన ఆ ప్రయత్నం బతికింది ఏడు నెలలు.

మళ్ళీ మా వైపు వద్దాం, 1980లకు. గోదావరిఖని, కరీంనగర్ ఆర్కెస్ట్రాల మీద పడ్డ పెద్ద బరువు ఇళయరాజా. సాగర సంగమం, స్వాతిముత్యం, గీతాంజలి, జగదేకవీరుడు అతిలోకసుందరి. ఆ పాటలు లేకుండా 1990ల్లో ఏ స్టేజీ ఎక్కలేరు. ఆయన పాటల్లో బేస్ గిటార్ పాటకు కాపలా కాయదు, పాట పక్కన ఇంకో పాట పాడుతుంది. శశిధరన్ వాయించిన ఆ వరుసలు ఎక్కడో పైన మొదలై, పల్లవి చివర కిందికి జారి, గాయకుడు ఊపిరి తీసుకునే చోట ఒక చిన్న మాట అని ముందుకు పోతాయి. అవి మద్రాసు స్టూడియోలో, చెవికి అంటుకున్న హెడ్‌ఫోన్లలో పుట్టిన వరుసలు. వాటిని డ్రమ్ముల మీద పరిచిన చెక్కల స్టేజీ మీద, మోకాళ్ళతో వింటూ వాయించాలి.

కేవలం శ్రుతిస్వరం పట్టుకుని తాళానికి కొడితే మోకాళ్ళు చాలు. అదురు వచ్చిందా లేదా తెలిస్తే సరిపోతుంది. ఇళయరాజాకు చెవి కావాలి. చెవి అందక మా ఆర్కెస్ట్రాల్లో బేస్ వరుసలు మెల్లగా పొట్టివయ్యాయి. ఏడు స్వరాల నడక రెండు స్వరాల గుద్దుడైంది. అదే చేసేదైతే మనిషెందుకు? కీబోర్డు ఆయన ఎడమచేత్తో కానిచ్చేస్తాడు. 2000 దాటాక మా వైపు స్టేజీల మీద బేస్ గిటార్ పట్టుకున్న మనిషి అరుదైపోయాడు. కీబోర్డులు చవకవ్వడం, ఒక మనిషి కూలి మిగలడం కూడా కారణాలే, కాదనను. కానీ అంతకుముందే ఆ మనిషి వాయించేదాంట్లో వాయించాల్సింది తగ్గిపోయింది. ఏ పాట వాయించాలో నిర్వాహకులు నిర్ణయిస్తారు, ఎంత వాయించగలమో పెట్టె నిర్ణయిస్తుంది.

అదే స్టేజీ మీద మరో గంటలో డప్పులెక్కేవి. 1972లో మొదలైన జననాట్యమండలి పాట బొగ్గు బాయిల దాకా వచ్చిన నేల ఇది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం తర్వాత ఆ వరుస ఇంకా పెరిగింది. డప్పు ఒంటికి ఆనుకుని, మొహానికి మూరెడు దూరంలో ఉంటుంది. కొట్టినవాడి చెవికే ముందు తగులుతుంది. వాళ్ళకు మైకు పాడైనా పాట ఆగదు. మేము మైక్ సెట్ ఆపరేటర్ మొహం చూసుకుంటూ నిలబడేవాళ్ళం.

వినబడకపోతే ఏం చేస్తాడు మనిషి? 1911లో ఫ్రెంచ్ డాక్టర్ ఎతియెన్ లొంబార్ ఒక సంగతి రాశాడు. చెవుల్లోకి రొద వదిలితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. స్టేజీ మీద జరిగేది ఇదే. బేస్ ఆయనకు వినబడదు, నాబ్ తిప్పుతాడు. గిటార్ ఆయనకు తనది మునిగిపోయినట్టుంటుంది, ఆయనా తిప్పుతాడు. డ్రమ్ముకు నాబ్ ఉండదు, బలం ఉంటుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో ఇది ఆగే షరతు రాయని లూపు. అందరూ పది డెసిబెళ్ళు పెరిగాక ఎవరికి ఎంత వినబడేదో అంతే వినబడుతుంది.

చెవి మాత్రం ఆ పదినీ లెక్కపెట్టుకుంటుంది. మన ఫ్యాక్టరీ నిబంధనల్లో 90 డెసిబెళ్ళకు రోజుకు 8 గంటలు హద్దు. ప్రతి 5 డెసిబెళ్ళకూ ఆ సమయం సగం. 105 దగ్గర ఒక గంట, 110 దగ్గర అరగంట. షిఫ్టులో ఉన్నవాడికి ఆ హద్దు కాగితం మీదన్నా ఉంది. నాలుగు గంటల ఆర్కెస్ట్రాకు కాగితం కూడా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సంగీత వేదికలకు పావుగంట సగటున 100 డెసిబెళ్ళు మించొద్దని ఒక ప్రమాణం ఇచ్చింది 2022లో. అది కూడా వినడానికొచ్చినవాళ్ళ కోసమే. చెవిని ఎక్కువ దెబ్బతీసేది మంద్రం కాదు, తాళపు చిప్పలు, గిటార్లు, గొంతులు పలికే పై ధ్వని. కానీ బేస్ ఆయన మొదలుపెట్టిన పోటీలో అవన్నీ పైకెక్కుతాయి. మా అన్నకు ఇప్పుడు యాభై దాటాయి. రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే ఆయనకు నిద్రపట్టదు. ఉక్క వల్ల కాదు. ఫ్యాన్ చప్పుడు కింద దాక్కున్న చెవిలో గుయ్యి బయటికొస్తుంది.

పరిష్కారాలు లేక కాదు. పెట్టెను వెనక్కి వాలిస్తే కోణం తగ్గుతుంది. కుర్చీ మీదికి ఎక్కిస్తే ఇంకా తగ్గుతుంది, నేల తోడు పోయి కొంచెం మంద్రం తగ్గుతుంది కానీ స్టేజీ మీద ఆ తగ్గడమే మంచిది. అన్న చివరి ఏళ్ళలో ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టేవాడు. ఒకసారి ఒక కమిటీ ఆయన వచ్చి, అతిథులకు కుర్చీలు చాలట్లేదని పెట్టెను దింపి కుర్చీ తీసుకుపోయాడట. నాలుగు స్పీకర్ల చదరపు పెట్టె కంటే రెండు స్పీకర్ల పెట్టెలు రెండింటిని నిలువుగా ఒకదానిమీద ఒకటి పెట్టడం మంచిదని ఇప్పుడు తయారీదార్లే చెబుతున్నారు. డబ్బు తేడా పెద్దగా ఉండదు. ఇంజినీర్ల మధ్య హాఫ్‌మన్ ఇనుప సూత్రం అని ఒకటుంది. పెట్టె చిన్నదిగా ఉండటం, లోతుగా పలకడం, తక్కువ కరెంటుతో గట్టిగా మోగడం, ఈ మూడింట్లో రెండే ఎంచుకోవాలి. సూత్రం సరైనదే. అందులో పెట్టె ముందు ఎవరు ఎక్కడ నిలబడ్డారన్న అంకె మాత్రం లేదు.

1970ల నుంచి స్టేజీ అంచున వాయించేవాళ్ళ వైపు తిరిగిన మానిటర్ స్పీకర్లు మామూలయ్యాయి. మా వైపు వాటిలో పాడేవాళ్ళ గొంతే ఉండేది, బేస్ పెట్టమంటే ఆపరేటర్ ఈల వస్తుందనేవాడు. 1995లో జెర్రీ హార్వీ అనే సౌండ్ ఇంజినీర్ వాన్ హేలెన్ బ్యాండ్ డ్రమ్మర్ కోసం చెవిలో పెట్టుకునే మానిటర్ తయారుచేశాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో పెద్ద ప్రోగ్రాంకి పోతే స్టేజీ మీద బేస్ పెట్టె కనబడటమే తక్కువ. గిటార్ వైరు సరాసరి మిక్సర్‌లోకి పోతుంది, అక్కడినుంచి వాయించేవాడి చెవిలోకి శుభ్రంగా, తనకు కావలసినంత. ఇళయరాజా వరుసలు మళ్ళీ ముక్క పోకుండా వినబడుతున్నాయి. గచ్చిబౌలిలో ఒక ప్రోగ్రాం అయ్యాక, అలాంటి సెట్‌తో వాయించే కుర్రాణ్ణి ఎలా ఉందని అడిగా. చెవుల్లో అంతా బాగుంది కానీ ఒంట్లో ఏమీ తెలియడం లేదన్నాడు. దానికీ ఒక వస్తువు వచ్చింది. కాళ్ళ కింద వేసుకునే పలక, దాని అడుగున ఒక మోటారు లాంటిది. బేస్ స్వరానికి తగ్గట్టు అది చప్పుడు లేకుండా అదురుతుంది. డబ్బులు కూడేసుకుని తర్వాత కొనేది అదేనట.